లష్కర్ నుంచి రోమ్ దాకా: తులసీదాస్ బలరాం ఆట, జీవితం

ఫుట్‌బాల్ జట్టులోని పదకొండు మందిలో ప్రత్యర్థి గోల్‌కు అందరికన్నా దగ్గరగా ఉండి, గోల్ కొట్టడమే తన మొదటి పనిగా ఆడే ఆటగాణ్ణి స్ట్రైకర్ అంటారు. అతని పేరు గోల్స్ లెక్కతోనే జనంలోకి వెళ్తుంది కాబట్టి, ఆ లెక్కే అతని జీవితమని అనుకోవడం మామూలు. కానీ ఆ గోల్స్ వెనుక అతనికి ఆట నేర్పినవారెవరు, బంతి అందించినవారెవరు, కడుపు నింపిన కొలువేది, ఒంట్లో బాగోలేనప్పుడు అతని కోసం ఆగినవారెవరు అన్నవి తెలియకపోతే ఆ లెక్కకు అర్థం ఉండదు. ఈ ప్రశ్నలకు జపాన్ దేశం తన గొప్ప స్ట్రైకర్ కునిషిగె కమమోతో విషయంలో ఒక జవాబు చెప్పుకుంది. దాదాపు అదే కాలంలో సికింద్రాబాద్ దండు ప్రాంతం నుంచి వచ్చి రెండు ఒలింపిక్స్ ఆడిన తులసీదాస్ బలరాం విషయంలో మన దేశం చెప్పిన జవాబు వేరు. తెలుగు నేల మీద పుట్టిన ముందు వరుస ఆటగాళ్లలో అంత ఎత్తుకు ఎదిగినవారు మరొకరు కనిపించరు. అయినా పోచంపల్లిలోనో దేవరకొండలోనో ఆయన పేరు చెబితే తెలుసన్నవారు చాలా తక్కువ మంది ఉంటారు.

హైదరాబాద్ వాసులు సికింద్రాబాద్‌ను నేటికీ లష్కర్ అనే పిలుస్తారు. 1806లో బ్రిటిష్ సైన్యపు విడిదిగా ఆ ఊరు వెలిసింది. బొల్లారం, తిరుమలగిరి, అమ్ముగూడ చుట్టూ బారకాసులు, కవాతు మైదానాలు పరచుకోవడంతో, సిపాయిలు సాయంత్రం పూట ఆడుకునే ఫుట్‌బాల్ చుట్టుపక్కల బస్తీల పిల్లల కాళ్లకూ పాకింది. తెలంగాణలోని మిగతా ఊళ్లలో కబడ్డీ, ఆ తర్వాత వాలీబాల్, క్రికెట్ వేళ్లూనుకోగా, ఈ ఒక్క పట్టణంలో మాత్రం ఫుట్‌బాల్ పేదల ఆటగా నిలబడడానికి కారణం అక్కడ మైదానాలు ఉండడం, ఆట చూపించేవారు ఉండడం, వానకూ ఎండకూ ఆగని స్థానిక పోటీలు నడుస్తుండడం. 1936లో అమ్ముగూడలో పుట్టిన బలరాం ఈ వాతావరణంలోనే పెరిగారు. బూట్లు కొనుక్కోవడమే గొప్ప అనిపించే ఇంటి నుంచి వచ్చిన ఆ కుర్రవాడు ఏ శిక్షణ సంస్థలోనూ అడుగు పెట్టలేదు. సిపాయిల జట్లతోనూ బస్తీ జట్లతోనూ ఆడుతూనే బంతి మీద పట్టు సాధించారు.

ఆ పట్టును గుర్తించిన వ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉపాధ్యాయుడిగా పనిచేసి, 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకూ భారత జట్టుకూ శిక్షకుడిగా ఉన్న రహీం సాబ్, బడిలో పిల్లలకు పాఠం చెప్పినట్టే ఆటను విడదీసి చెప్పేవారు. ఆయన చేతిలో తయారైన సిటీ పోలీసు జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు గెలిచింది. బంతిని కాలి దగ్గర ఉంచుకుని విన్యాసాలు చేయడమే గొప్ప ఆట అని దేశమంతా నమ్ముతున్న రోజుల్లో, బంతి తాకిన వెంటనే పక్కవాడికి పంపాలన్న నియమంతో ఆయన పోటీలు పెట్టేవారు. కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమకాలితో మాత్రమే తన్నాలన్న షరతుతో ఆడించేవారు. రెండు కాళ్లూ సమానంగా పనిచేసే ముందు వరుస ఆటగాళ్లు హైదరాబాద్ నుంచి అంతమంది రావడానికి ఈ సాధన ఒక ప్రధాన కారణం, అందుకు బలరామే మంచి ఉదాహరణ.

స్థానిక పోటీల్లో ఆడుతున్న బలరాంను రహీం చూసి హైదరాబాద్ రాష్ట్ర జట్టులోకి తీసుకున్నారు. రాష్ట్రాల జట్ల మధ్య జాతీయ స్థాయిలో జరిగే పోటీని సంతోష్ ట్రోఫీ అంటారు. 1941లో మొదలైన ఈ పోటీలో రాణించినవారికే ఆనాడు భారత జట్టు తలుపులు తెరుచుకునేవి. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం రద్దయి, అందులోని తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయినా ఫుట్‌బాల్‌లో మాత్రం ఆ పేరు కొంతకాలం నిలిచింది. ఆ పేరుతోనే జట్టు 1956-57లోనూ 1957-58లోనూ వరుసగా సంతోష్ ట్రోఫీని గెలుచుకుంది. రాష్ట్రం మాయమైన రోజుల్లోనే ఆ రాష్ట్రపు జట్టు దేశంలో మొదటి స్థానంలో ఉండడం తెలంగాణ క్రీడా చరిత్రలో ఇంకా తగినంతగా రాయని అధ్యాయం.

అదే 1956 చివర్లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జరిగాయి. ఇరవై ఏళ్ల బలరాం ఆ జట్టులో ఉన్నారు. ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను భారత్ 4-2 తేడాతో ఓడించింది, నెవిల్ డిసౌజా ఒక్కరే మూడు గోల్స్ కొట్టారు, ఆ గెలుపుతో ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టుగా భారత్ నిలిచింది. సెమీఫైనల్లో యుగోస్లావియాతో జరిగిన ఆట బలరాంకు దేశం తరఫున మొదటిది. ఆ ఆటలో భారత్ 4-1 తేడాతో ఓడింది. నాలుగేళ్ల ముందు హెల్సింకిలో ఇదే యుగోస్లావియా చేతిలో, చాలామంది బూట్లు లేకుండా ఆడిన భారత జట్టు 10-1 తేడాతో చిత్తయిందని గుర్తుంచుకుంటే, రహీం శిక్షణ నాలుగేళ్లలో ఎంత దూరం తీసుకొచ్చిందో తెలుస్తుంది. మూడో స్థానం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలోనూ ఓడి భారత్ నాలుగో స్థానంలో నిలిచింది.

బలరాం ఆట గురించి మాట్లాడాలంటే ముందు వరుసలోని స్థానాలను కొంచెం వివరించాలి. గోల్‌కు ఎదురుగా మధ్యలో నిలిచేవాడు సెంటర్ ఫార్వర్డ్, మైదానపు అంచుల వెంట పరుగెత్తి లోపలికి బంతి పంపేవాడు వింగర్, ఈ ఇద్దరి నడుమ కొంచెం వెనుకగా ఉండి దారి కల్పించేవాడు ఇన్‌సైడ్ ఫార్వర్డ్. మామూలుగా ఒక ఆటగాడు వీటిలో ఒక స్థానానికి అలవాటు పడతాడు. బలరాం ఎడమ అంచున ఆడినా, లోపలి స్థానంలో ఆడినా, నడిమధ్యన నిలబడినా పని ఆగేది కాదు. రహీం నలుగురు రక్షకులు, ఇద్దరు మధ్య ఆటగాళ్లు, నలుగురు ముందు ఆటగాళ్లతో కూడిన 4-2-4 అమరికను భారత జట్టుకు అలవాటు చేశారు. బ్రెజిల్ 1958లో ప్రపంచకప్ గెలిచింది కూడా ఈ అమరికతోనే. ముందున్న నలుగురూ నిలబడిన చోటే నిలబడితే ఈ అమరిక పనిచేయదు, ఒకరు ఖాళీ చేసిన చోటులోకి మరొకరు చేరుతుండాలి. పోచంపల్లి చేనేతలో నూలు పోగుల మీద ఎక్కడ రంగు పడాలో, ఎక్కడ పడకూడదో ముందే కట్టుకట్టి, రంగులో ముంచి, ఆ తర్వాతే మగ్గమెక్కిస్తారు కాబట్టి, చీర నేయడం మొదలుకాక ముందే బొమ్మ పోగుల్లో ఉంటుంది. బలరాం పరుగు కూడా అటువంటిది. బంతి తన దగ్గరికి రాకముందే అది వెళ్లవలసిన చోటు ఆయన అడుగుల్లో నిర్ణయమై ఉండేది. గోల్ కొట్టగలిగి కూడా గోల్ కొట్టించడంలో తృప్తి పొందిన ఆటగాడు కావడం వల్లనే, లెక్కల్లో ఆయన వాటా ఆయన విలువకన్నా తక్కువగా కనిపిస్తుంది.

1957లో ఆయన కలకత్తాకు చేరి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో ప్రవేశించారు. ఆనాటి భారతదేశంలో ఫుట్‌బాల్ అధికారికంగా ఔత్సాహికుల ఆట, అంటే ఆడినందుకు జీతం తీసుకోకూడదన్న నియమం కింద నడిచే ఆట. క్లబ్బు వసతి, భోజనం చూసేది, తెలిసినవారి ద్వారా రైల్వేలోనో పోర్టు ట్రస్టులోనో ఒక కొలువు దొరికేది, ఆటగాడి బతుకు ఆ రెంటి మీదే ఆధారపడేది. స్టేడియం నిండా జనం వచ్చినా, టికెట్ల డబ్బు వసూలైనా, ఆ ఆదాయంలో తన వంతు ఇంత అని అడిగే హక్కు ఆటగాడికి లేదు. ఈ పరిస్థితుల్లోనే ఆయన ఈస్ట్ బెంగాల్ తరఫున వందకు పైగా గోల్స్ సాధించారు. 1958లో ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచిన జట్టులోనూ, 1960లో మోహన్ బగాన్‌తో కలిసి డ్యూరాండ్ కప్పును పంచుకున్న జట్టులోనూ ఆయన ఉన్నారు. 1961లో సారథిగా ఈస్ట్ బెంగాల్‌కు కలకత్తా లీగు గెలిపించడమే కాక, 23 గోల్స్‌తో ఆ లీగులో అందరికన్నా ముందు నిలిచారు. బెంగాలీ ఇళ్లలో మగపిల్లల పేర్ల కన్నా ఎక్కువగా ఫుట్‌బాల్ ఆటగాళ్ల పేర్లు వినిపించే ఆ నగరంలో, బయటినుంచి వచ్చిన ఒక హైదరాబాదీకి సారథ్యం దక్కడం చిన్న సంగతి కాదు.

కలకత్తాలోనే చుని గోస్వామి మోహన్ బగాన్‌కూ, పీకే బెనర్జీ ఈస్టర్న్ రైల్వేకూ ఆడుతుండేవారు. క్లబ్బుల్లో ప్రత్యర్థులైన ఈ ముగ్గురూ భారత జట్టులో ఒకే వరుసలో నిలబడేవారు. కుడివైపు బెనర్జీ వేగం, లోపల గోస్వామి నేర్పు, ఎడమవైపు బలరాం ఆలోచన కలిసిన ఆ ముందు వరుసను మించినది భారత ఫుట్‌బాల్‌కు మళ్లీ దొరకలేదు. 1958లో టోక్యోలో జరిగిన ఆసియా క్రీడల్లో భారత్ సెమీఫైనల్ దాకా వెళ్లి నాలుగో స్థానంతో తిరిగివచ్చింది. 1959లో కౌలాలంపూర్ మెర్డెకా పోటీలో రెండో స్థానం వచ్చింది. ఈ రెండూ రాబోయే రోమ్ ఒలింపిక్స్‌కు సాధనగా ఉపయోగపడ్డాయి.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ పడిన బృందాన్ని చూస్తే ఆ జట్టు స్థాయి అర్థమవుతుంది. హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఆ బృందంలో ఉన్నాయి. హంగరీ అప్పటికే ప్రపంచాన్ని విస్మయపరిచిన ఫుట్‌బాల్ దేశం, ఆ ఒలింపిక్స్‌లోనే కాంస్యం గెలవబోయే జట్టు, తర్వాత కాలంలో ఐరోపాలో అత్యుత్తమ ఆటగాడిగా పేరొందిన ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఆ జట్టులో ఉన్నారు. ఆ జట్టుకు రెండు గోల్స్ వెనుకబడి కూడా భారత్ చివరిదాకా తలవంచలేదు. ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు బలరాం ఒక గోల్ సాధించి తేడాను 2-1కి తగ్గించారు. ఫ్రాన్స్‌తో బెనర్జీ గోల్ వల్ల భారత్ ముందంజలో ఉండగా, చివరి పది నిమిషాల్లో ఫ్రాన్స్ సమం చేసి ఓటమి తప్పించుకుంది. పెరూతో 3-1 తేడాతో ఓడిన ఆటలో భారత్ తరఫున వచ్చిన ఒక్క గోల్ మళ్లీ బలరాందే. రోమ్‌లో భారత్ కొట్టిన మొత్తం గోల్స్ మూడు, అందులో రెండు అమ్ముగూడ కుర్రవాడివి. ఆ తర్వాత భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఇంతవరకు ఒలింపిక్స్‌లో అడుగు పెట్టలేదు. పెరూపై బలరాం కొట్టిన గోలే ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్‌కు నేటికీ చివరి గోల్. ఈ సంగతి తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంగానైనా ఉండవలసింది.

రెండేళ్ల తర్వాత, 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలు ఆ జట్టుకు శిఖరం. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని భారత ఒలింపిక్ ప్రతినిధి జి.డి. సోంధీ విమర్శించడంతో స్థానికుల కోపం భారత ఆటగాళ్ల మీదకు మళ్లింది. భారత జాతీయ గీతం వినిపించినప్పుడు ప్రేక్షకులు అల్లరి చేసే పరిస్థితి వచ్చింది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓడిన జట్టు, థాయ్‌లాండ్‌ను 4-1తో గెలిచి ఊపిరి పీల్చుకుంది. ఆ నాలుగింటిలో ఒకటి బలరాం గోల్. జపాన్‌తో జరిగిన తర్వాతి ఆట గెలిస్తేనే సెమీఫైనల్ దారి సుగమం. ఆ ఆటలో మొదటి గోల్ బెనర్జీ, రెండో గోల్ బలరాం సాధించి భారత్‌ను 2-0తో గెలిపించారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2తో నెగ్గాక, సెప్టెంబరు 4న దాదాపు లక్ష మంది ఎదుట దక్షిణ కొరియాతో మళ్లీ తలపడవలసి వచ్చింది. తలకు గాయమై రక్షణ వరుసలో ఆడలేకపోతున్న జర్నైల్ సింగ్‌ను రహీం సాహసించి ముందు వరుసలో నిలిపారు. బెనర్జీ, జర్నైల్ చెరో గోల్ కొట్టి 2-1తో బంగారు పతకం తెచ్చారు. ఆ రోజు గోల్స్ పట్టికలో బలరాం పేరు లేకపోయినా, ఆ జట్టును పతకం దాకా నడిపించిన ముందు వరుసలో ఆయన పాత్ర లేని ఆట లేదు. ఆ ఏడాదే ఆయనకు అర్జున పురస్కారం లభించింది.

ఆ తర్వాత జరిగినదంతా ఒక్క సంవత్సరంలో జరిగిపోయింది. 1963 జూన్‌లో రహీం ఊపిరితిత్తుల కాన్సర్‌తో కన్నుమూశారు. ఈస్ట్ బెంగాల్ నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టు బీఎన్ఆర్‌కు మారిన బలరాంకు అదే ఏడాది ఊపిరితిత్తుల పొరకు వాపు వచ్చే ప్లూరసీ అనే జబ్బు తగిలింది. తొంభై నిమిషాలు పరుగెత్తడం ప్రాణానికే ముప్పని తేలడంతో, ముందు వరుస ఆటగాడు ఆటలో పండే వయసైన ఇరవై ఏడుకు అటూ ఇటూగా ఆయన మైదానం విడిచిపెట్టారు. దేశం తరఫున ఆయన ఆడింది ఏడేళ్లకు మించలేదు.

జకార్తాలో ఓడిన జపాన్ ఆ సమయానికి ఏం చేస్తున్నదో చూడడం ఇక్కడ అవసరం. 1964 ఒలింపిక్స్‌కు ఆతిథ్యం ఇవ్వబోతున్న ఆ దేశం, 1960లోనే డెట్మార్ క్రామర్ అనే జర్మన్ శిక్షకుణ్ణి పిలిపించుకుని, బంతిని తాకడం దగ్గర నుంచి తమ ఆటగాళ్లకు మళ్లీ నేర్పించింది. ఆయన సలహా మేరకు 1965లో కంపెనీల జట్లతో దేశమంతటికీ ఒక లీగును ప్రారంభించింది. ఆ లీగులో యాన్మార్ డీజిల్ అనే ఇంజిన్ల కంపెనీ జట్టుకు ఆడినవాడే కునిషిగె కమమోతో. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఏడు గోల్స్‌తో ఆ పోటీలో అందరికన్నా ముందు నిలిచి జపాన్‌కు కాంస్యం సాధించి పెట్టిన స్ట్రైకర్ ఆయనే. మరుసటి ఏడాదే ఆయనకూ కాలేయానికి సంబంధించిన తీవ్రమైన జబ్బు వచ్చింది. కానీ కంపెనీ కొలువు ఉంది, జట్టు ఉంది, ఏటా క్రమం తప్పక నడిచే లీగు ఉంది. కోలుకుని తిరిగివచ్చి, 1984 దాకా ఆడి, ఆ లీగులో రెండు వందలకు పైగా గోల్స్ సాధించారు. 2025 ఆగస్టులో ఆయన మరణించినప్పుడు జపాన్ ఒక జాతీయ నాయకుణ్ణి పోగొట్టుకున్నట్టు దుఃఖించింది. ఒక జబ్బు నయమయ్యేదీ మరొకటి కానిదీ కావచ్చు, రెండింటినీ ఒకే తూకంలో వేయడం న్యాయం కాదు. అయినా జబ్బు పడిన ఆటగాడు తిరిగివచ్చేదాకా అతని చోటును కాపాడే ఏర్పాటు ఒక దేశంలో ఉందని, మరొక దేశంలో లేదని చెప్పడానికి వైద్యశాస్త్రం అక్కర్లేదు. 1962లో మన చేతిలో ఓడిన దేశం ఆరేళ్లలో ఒలింపిక్ పతకం అందుకుంది, 1993లో పూర్తి వృత్తి లీగును నెలకొల్పింది. భారతదేశం మాత్రం దేశవ్యాప్త లీగు కోసం 1996 దాకా ఆగింది.

బలరాం హైదరాబాద్‌కు తిరిగి రాలేదు. రైల్వే ఉద్యోగం చేసుకుంటూ, కుర్రవాళ్లకు ఆట నేర్పుతూ, పెళ్లి చేసుకోకుండా, హుగ్లీ జిల్లాలోని ఉత్తరపాడాలో ఒంటరిగా జీవించారు. చుని గోస్వామికి 1983లో, పీకే బెనర్జీకి 1990లో పద్మశ్రీ అందింది. ఆ త్రయంలో మూడోవారికి మాత్రం అది చివరిదాకా రాలేదు. ఈ ఉపేక్ష తనను బాధించిందని ఆయన దాచుకోలేదు, ఆ బాధలో న్యాయం ఉందని ఆట తెలిసినవారందరూ ఒప్పుకుంటారు. బెంగాల్ ఆయనను తనవాడిగా చూసుకున్నా, ఆయన పుట్టిన రాష్ట్రం, ఉమ్మడిగా ఉన్నప్పుడూ విడిపోయాకా, ఆయన కోసం గట్టిగా అడిగిన దాఖలా కనిపించదు. 2020 మార్చిలో బెనర్జీ, ఏప్రిల్‌లో గోస్వామి వెళ్లిపోయారు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో బలరాం తుదిశ్వాస విడిచారు. రహీం జీవితంపై తీసిన ‘మైదాన్’ అనే హిందీ చిత్రం మరుసటి ఏడాది విడుదలైంది. ఆ చిత్రంలో బలరాం పాత్ర కూడా ఉంది, అయితే దాన్ని చూసే భాగ్యం ఆయనకు కలగలేదు.

లష్కర్ ఫుట్‌బాల్ ఎందుకు తరిగిపోయిందన్న ప్రశ్నకు క్రికెట్ ఒక్కటే కారణమని చెప్పడం తేలిక, కానీ అది సగం జవాబే. ఒక్క వ్యక్తి మీద నిలబడిన శిక్షణ ఆ వ్యక్తితో పాటే ముగిసిపోయింది. పోలీసు, రైల్వే, సైన్యం వంటి సంస్థలు ఆటగాళ్లకు ఇచ్చే కొలువులు తగ్గిపోయాయి. వంద మీటర్లకు పైగా పొడవూ అరవై మీటర్లకు పైగా వెడల్పూ కావలసిన మైదానాలు నగరం పెరిగేకొద్దీ ఇళ్లకూ దుకాణాలకూ బలయ్యాయి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది కూడా రహీం నాటి వెలుగు ఇంకా పూర్తిగా ఆరకపోవడం వల్లనే. నల్లగొండ, పాలమూరు మెట్ట ప్రాంతాలకైతే ఆ వెలుగు ఎన్నడూ చేరనే లేదు. నగరానికి యాభై కిలోమీటర్లయినా లేని పోచంపల్లికి కూడా చేరకపోవడం, ఆట ఎంత చిన్న వలయంలో బతికిందో చూపిస్తుంది. జిల్లా బడుల్లో ఫుట్‌బాల్ మైదానమూ వ్యాయామ ఉపాధ్యాయుడూ ఉండి ఉంటే ఆ వలయం ఎంత పెరిగేదో ఊహించడం కష్టం కాదు.

ఎందుకంటే అవకాశం దొరికిన చోట ఏం జరుగుతుందో నిజామాబాద్ జిల్లా చూపించింది. అక్కడి లంబాడీ కుటుంబంలో పుట్టిన గుగులోత్ సౌమ్య, అంచు వెంట దూసుకెళ్లి గోల్ కొట్టగల ముందు వరుస ఆటగత్తె. భారత మహిళల జట్టులోకి వచ్చి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుతో ఒప్పందం చేసుకుని ఐరోపాలో ఆడారు. ఆ తర్వాత బలరాం సారథ్యం వహించిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకే చేరి, 2024-25లో ఆ జట్టు భారత మహిళల లీగు గెలుచుకోవడంలో పాలుపంచుకున్నారు. ఆ ఏడాది దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఎంపిక చేసింది. 1957లో అమ్ముగూడ నుంచి కలకత్తాకు వెళ్లిన ఆటగాడికి క్లబ్బు వసతి, ఒక కొలువు గురించిన మాట మాత్రమే దక్కాయి. నిజామాబాద్ నుంచి జాగ్రెబ్‌కు వెళ్లిన ఆటగత్తె చేతిలో సంతకం చేసిన ఒప్పంద పత్రం ఉంది.